ముందు తప్పు, తర్వాత వార్తలు

మా వదిన పోయిందని బిలాస్‌పూర్ అంతటికీ తెలిసిపోయిన మూడు రోజులకు మా వదిన పోయింది. ఇలా రాస్తే వేళాకోళంలా ఉంటుందని నాకూ తెలుసు. కానీ జరిగింది అదే. దాన్ని ఇంకోలా చెప్పడం నాకు చేతకావడం లేదు.

సొంత వదిన కాదు. ఆమె భర్త గూడ్సు డ్రైవరు, నేను లోకో షెడ్డులో ఫిట్టరుని. ఇద్దరివీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలే. రైల్వే కాలనీలో పక్కపక్క క్వార్టర్లు, రిటైరయ్యాక సర్కండాలో ఒకే సందులో ఇళ్ళు. ఆయన్ని అన్నయ్యా అన్నాను కాబట్టి ఆమె వదిన అయింది. ఊళ్ళో మిగతావాళ్ళకి మాత్రం ఆమె న్యూస్‌వాలీ దీదీ. ఈ ఊరి కేబుల్ టీవీలో మొట్టమొదట వార్తలు చెప్పింది ఆమే. అప్పట్లో మాకు ఢిల్లీ వార్తలు తెలిసేవి, భోపాల్ వార్తలు తెలిసేవి. అర్పా నదికి అవతలి ఒడ్డున ఏం జరిగిందో మాత్రం పాలవాడు చెప్పాలి.

ఆమెను చూస్తే ముందుగా కనబడేది ఆ భుజం. కెమెరా ఆమె చేతికి పెళ్ళిళ్ళలో వచ్చింది. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకి మగవాళ్ళని రానివ్వరు గనుక ఆ పని ఈవిడకి దొరికింది. అప్పటి వీడియో కెమెరా అంటే దాదాపు కుట్టుమిషనంత బరువు. దాన్ని ఏళ్ళ తరబడి మోసి మోసి కుడి భుజం కిందకి జారిపోయింది. కెమెరా లేకుండా గుడికి వెళ్ళినా అలాగే ఒక పక్కకి ఒరిగి నడిచేది. రెండోది ఆ కన్ను. ఎవరైనా ఏదైనా చెబుతుంటే ఎడమ కన్ను మూసేసి, కుడి కంటితో మాత్రమే చూసేది. కొత్తవాళ్ళు కంగారు పడేవాళ్ళు. బజార్లో కూరలు ఏరేటప్పుడూ అంతే.

"వంకాయలక్కూడా ఫోకస్ పెట్టాలేటి వదినా?" అనేవాణ్ణి నేను.

"రెండు కళ్ళతో చూస్తే అన్నీ బాగానే కనబడతాయి మరిదిగారూ. అందుకే మీరు రోజూ పుచ్చులు తెస్తారు" అనేది.

స్టూడియో అంటే క్వార్టరు వెనక గది. ఆమె ముందుండే బల్ల, అన్నయ్య లైన్ బాక్సు. డ్రైవర్లు డ్యూటీకి వెంట తీసుకువెళ్ళే ఇనప పెట్టె అది. దాన్ని నిలబెట్టి, మీద ఉతికిన దుప్పటి కప్పి, వెనకాల ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. అన్నయ్య డ్యూటీలో ఉన్న రోజున పెట్టె కూడా డ్యూటీకి పోయేది. ఆ రోజు గోధుమపిండి డబ్బా మీద వార్తలు. నాకు జనరల్ షిఫ్టు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే గోడ అవతల నుంచి "మరిదిగారూ, బటన్" అని కేక వినబడేది. వెళ్ళి ఎర్ర బటన్ నొక్కి, ఆమె అయిపోయిందనేదాకా ఊపిరి బిగబట్టి నిలబడటం నా పని. ఆ తర్వాత క్యాసెట్ పట్టుకుని లూనా మీద కేబుల్ వాళ్ళ గదికి వెళ్ళేది. వాళ్ళు సినిమా ఆపి ఈవిడ్ని వేసేవారు. సినిమా ఆగినందుకు తిట్టుకునే జనమే, ఆమె ఒకరోజు రాకపోతే కేబుల్ వాడి మీద పడేవారు.

మా క్వార్టర్లు లైనుకి ఆనుకుని ఉండేవి. చదువుతుండగా బొగ్గు రేకు, అంటే వ్యాగన్ల బండి, వచ్చిందంటే గదంతా వణికేది. ఆమె వాక్యం మధ్యలో ఆగిపోయేది. కెమెరా ఆపనిచ్చేది కాదు. కళ్ళు కిందకి దించుకుని, ఆఖరి వ్యాగన్ దాటేదాకా అలా కూర్చుని, ఆగిన మాట దగ్గర నుంచే మళ్ళీ ఎత్తుకునేది. నెహ్రూ నగర్‌లో పట్టాలకి అంత దూరాన ఉన్నవాళ్ళు కూడా టీవీ ముందు కూర్చుని మా గూడ్సు బండి వెళ్ళేదాకా ఓపిగ్గా కాచుకునేవారు. ఆపి తీయొచ్చు కదా అని నేను అడిగాను. బండి వెళ్ళడం కూడా జరిగినదే కదా అంది.

కానీ ఊరు ఆమెను గుర్తుపెట్టుకున్నది భుజానికీ కన్నుకీ బండికీ కాదు. తప్పులకి. నిన్నటి వార్తల్లో ఏదైనా తప్పు దొర్లితే, ఈరోజు వార్తలు దాంతోనే మొదలయ్యేవి. నమస్కారం కూడా చెప్పేది కాదు. ముందు వేలి కణుపుతో లైన్ బాక్సు మీద రెండుసార్లు కొట్టేది. ఇనుము కదా, ఠంగున మోగేది. "నిన్న మేం చెప్పింది తప్పు" అనేది హిందీలో, మా శ్రీకాకుళం యాసతోనే. ఏది తప్పో, ఏది ఒప్పో చెప్పి, అప్పుడు నమస్కారం. ఊళ్ళో ఎవరైనా నాలుక కరుచుకుంటే పక్కవాళ్ళు బల్ల మీద రెండుసార్లు కొట్టి నవ్వడం కొన్నాళ్ళు ఒక అలవాటయిపోయింది.

వార్తల చివర్లో చెప్పుకోవచ్చు కదా ఆ మాట, పరువు పోతుంది కదా అని కేబుల్ వాడు మొత్తుకున్నాడు. ఆమె వినలేదు. "తప్పు విన్నవాడు చివరిదాకా కూర్చోడు మరిదిగారూ. ముందే చెప్పీయాలి" అంది నాతో. ఒకసారి సర్కండాలో ఒక ఇంటి గోడ కూలింది. నాసిరకం కట్టుబడి అని చదివింది. తీరా చూస్తే పక్కన తవ్విన కాలువ నీళ్ళు పునాదిలోకి దిగడం వల్ల కూలింది. మర్నాడు బాక్సు కొట్టి సరిదిద్దింది. అంతటితో ఊరుకోలేదు. ఆ ఇంటివాళ్ళకి టీవీ లేదని తెలిసి, లూనా వేసుకుని వెళ్ళి, ఆ ఇంటి ముసలమ్మ ముందు నిలబడి మళ్ళీ అంతా అప్పజెప్పింది. ముసలమ్మకి ఏమీ అర్థం కాక బియ్యం రొట్టె పెట్టిందట. తిని వచ్చింది.

చావు కబురు దగ్గర మరీ చాదస్తం. తన కళ్ళతో చూడనిదే ఎవరినీ పోయారని అనేది కాదు. ఒక ఏడు అర్పా పొంగింది. చాకిరేవు దగ్గర ఒక ముసలి ధోబీ కొట్టుకుపోయాడని ఊరంతా అనుకున్నారు. గుడ్డల మూట దొరికింది. పోలీసులు రాసుకున్నారు కూడా. ఈవిడ మాత్రం వాళ్ళ గుడిసె ముందు కెమెరా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దీపాలు పెట్టే వేళకి ఆ ముసలాడు బెల్తరా అనే పల్లె నుంచి బురద కాళ్ళతో నడిచొచ్చాడు. మనవరాలి ఇంటికి వెళ్ళాడట, వాన తగ్గక ఉండిపోయాడట. తన ఇంట్లో తన కోసమే ఏడుస్తున్నారని అతనికి ఎవరూ చెప్పలేక నిలబడిపోయారు. ఆ రోజు బులెటిన్‌లో ముసలాడు టీ తాగుతున్న బొమ్మ ఒక్కటే ఉంది. వెనకాల మాట లేదు.

తర్వాత పెద్ద ఛానళ్ళు వచ్చాయి. ఆ తర్వాత ప్రతివాడి చేతిలో ఫోను వచ్చింది. కేబుల్ వాడి గది మూతపడింది. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే ఇప్పుడు ఊళ్ళో ఫోనులోనే తలా ఒక ఛానల్ నడుపుతున్నారు. వాళ్ళలో అందరికన్నా పైకొచ్చినవాడు బెల్తరా అతను. నెహ్రూ నగర్‌లో అద్దాల ఆఫీసు, కింద రెండు కార్లు. పండక్కి తప్పకుండా వచ్చి వదిన కాళ్ళకి మొక్కి వెళ్ళేవాడు. మంచివాడే. ఈ మాట ముందే చెప్పడం న్యాయం.

ఈ మే నెలలో వదినకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పూర్తిగా పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రిలో చేర్చాక డాక్టరు నన్నూ అన్నయ్యనీ బయటికి పిలిచి, నమ్మకం తక్కువ అన్నాడు. అన్నయ్యకి ముప్పై ఏళ్ళ ఇంజను మోతతో చెవులు పోయాయి. నేను మళ్ళీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆ మాట ఆ వరండాలో కేక వేసి చెప్పడం కన్నా పెద్ద శిక్ష నా బతుకులో లేదు.

సోమవారం పొద్దున్న అన్నయ్య నాకు చెప్పకుండా తెలుగు సంఘం సెక్రటరీ ఇంటికి వెళ్ళాడు. కాలనీ తెలుగువాళ్ళందరికీ కలిపి సంఘం దగ్గర ఒకే ఒక్క ఐసు పెట్టె ఉంది, శవాన్ని ఉంచేది. పోయిన వేసవిలో అది వేరే చోటికి వెళ్ళి ఉండగా ఒకాయన పోయి, ఆ ఇంటివాళ్ళు నానా అవస్థా పడ్డారు. అన్నయ్యకి అది గుర్తుంది. డ్రైవరు బుద్ధి అంతే. ముందు స్టేషనులో ఏం కావాలన్నా ముందుగానే కబురు పెట్టాలి, అవసరం పడ్డాక అడిగితే దొరకదు. పెట్టె ఖాళీగా ఉందా అని అడిగాడు. ఎవరికండీ అన్నాడు సెక్రటరీ. మా ఇంటిదానికే అన్నాడు అన్నయ్య. ఆ మొహం చూశాక సెక్రటరీ ఇంకేమీ అడగలేదు. భుజం మీద చెయ్యి వేసి, పంపిస్తాను వెళ్ళండి అన్నాడు. అన్నయ్య ఆటో ఎక్కి ఆసుపత్రికి చేరేలోపు సంఘం గ్రూపులో పోయిందంటూ ఆమె ఫొటో వచ్చేసింది.

అక్కడ నుంచి బెల్తరా అతని ఛానల్లోకి రావడానికి ఎంతసేపు? పాత ఫొటో, భుజం మీద కెమెరా. చుట్టూ గులాబీ దండ, రెండు పక్కలా రెపరెపలాడే దీపాలు, వెనకాల షెహనాయి. అతనే చెప్పాడు, కళ్ళు తుడుచుకుంటూ, ఆపి ఆపి. నిజం ఒప్పుకోవాలి, చాలా బాగా చేశాడు. వరండాలో నిలబడి చూస్తూ నేనూ ఏడ్చాను. అద్దం తలుపు అవతల ఆమె ఊపిరి తీసుకుంటోందని తర్వాత గుర్తొచ్చింది.

ఇంటికి వెళ్ళి చూస్తే గేటుకి దండలు. తలుపుకి తాళం ఉండటంతో వచ్చినవాళ్ళు గేటుకే వేసి వెళ్ళిపోయారు. అన్నయ్య ఒక్కొక్కటే తీశాడు. పారేయడానికి చేతులు రాలేదు, ఇంట్లోకి తీసుకువెళ్ళడానికీ రాలేదు. బకెట్లో నీళ్ళు పోసి అందులో వేశాడు. "చంపీసేనురా దాన్ని" అన్నాడు బకెట్ వైపు చూస్తూ. కాదని చెప్పాను. వినబడిందో లేదో.

మర్నాటికి ఆమెకి తెలివి వచ్చింది. గదిలోకి మార్చారు. కుడి చెయ్యి లేవదు, నోరు ఒక పక్కకి లాగేసింది. ఎడమ చెయ్యి మాత్రం ఆడుతోంది, మనుషుల్ని గుర్తుపడుతోంది. మేం ఆ సంబరంలో ఉండగానే పక్క మంచం ఆవిడ్ని చూడ్డానికి వచ్చిన ఒక అమ్మాయి ఈమెను పోల్చుకుంది. చిన్నప్పుడు టీవీలో చూసేదట. ఆంటీ మీరేనా, నిన్న మీ మీద వీడియో వచ్చింది అని, ప్రేమగానే, ఫోను మొహం ముందు పెట్టింది. ఆ వీడియో ఏమిటో ఆ పిల్ల కూడా చివరిదాకా చూసినట్టు లేదు. నేను ఆపేలోపే షెహనాయి మొదలయింది.

వదిన మొత్తం చూసింది. ఎడమ కన్ను మూసుకునే చూసింది. అయిపోయాక ఎడమ చేతి వేలి కణుపుతో మంచం ఇనప కమ్మీ మీద రెండుసార్లు కొట్టింది. అన్నయ్యకి వినబడలేదు. నావైపు చూస్తూ మళ్ళీ కొట్టింది.

ఆమెకి ఏం కావాలో నాకు తెలిసింది. ఎక్కువేమీ కాదు. తను బతికి ఉన్నానని, ఎవరు తప్పు చెప్పారో వాళ్ళ నోటి వెంటే, తను ఉండగా ఒక్కసారి వినాలి. అంతే.

ఆ సాయంత్రమే నెహ్రూ నగర్ వెళ్ళాను. బెల్తరా అతను నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఆమెకి తెలివి వచ్చిందని చెబితే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె పోలేదని ఎవరో చెబితే అప్పటికే వీడియో తీసేశాడట. ఫోను తెరిచి, చూడండి అంకుల్, ఎక్కడా లేదు అని చూపించాడు. తీసేయడం కాదు బాబూ, తప్పని చెప్పాలి, ఆవిడ అదే అడుగుతోంది అన్నాను. అతను ఫోను బల్ల మీద పెట్టాడు. తర్వాత హిందీలో, నెమ్మదిగా, తన ఇబ్బంది చెప్పుకున్నాడు. సొంత గురువుగారి చావునే తప్పు చెప్పామంటే పక్క ఛానళ్ళు ఆ ముక్క తీసుకుని ఆడుకుంటాయి. ఇంతకీ డాక్టరు ఏమంటున్నాడని అడిగాడు.

నమ్మకం ఇంకా తక్కువేనని డాక్టరు అన్నది చెప్పాను.

"మరైతే, అంకుల్..." అని ఆగిపోయాడు.

ఆ ఆగిన చోట ఏముందో నాకు అర్థమయింది. ఈరోజు బతికి ఉందని చెప్పి, ఎల్లుండి మళ్ళీ పోయిందని చెప్పాలా అని. చెంప పగలగొట్టాలనిపించింది. కానీ అతను నా రెండు చేతులూ పట్టుకుని ఇంకా ఏడుస్తున్నాడు. ఏడుస్తున్నవాణ్ణి ఏం కొడతాం? టీ తాగి వచ్చేశాను. ఆ టీ ఎందుకు తాగానో ఇప్పటికీ నా మీద నాకే కోపం.

మర్నాడు అన్నయ్య అన్నాడు, "ఆళ్ళు చెప్పకపోతే నేనే చెప్తాను, నువ్వు ఫోనులో తియ్యి" అని. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నేను ఎదురుగా. ఎర్ర బటన్ మళ్ళీ నా చేతికే వచ్చింది. అన్నయ్య హిందీలో మొదలుపెట్టి, మేరీ పత్నీ అనగానే ఆగిపోయాడు. వదిన చూపుడు వేలు గాలిలో వెనక్కి తిప్పింది. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ తియ్యమని. మళ్ళీ తీశాం. ఈసారి ఆమె వైపే చూస్తూ మాట్లాడాడు. ఆమె ఫోను వైపు వేలు చూపించింది, అక్కడ చూడు అని. మళ్ళీ తీశాం. ఏడిచాడు. మళ్ళీ వేలు తిరిగింది. జీవితమంతా ఆమె చదువుతుంటే కునికిపాట్లు పడిన మనిషి, బుద్ధిగా కళ్ళు తుడుచుకుని, చొక్కా సర్దుకుని, మళ్ళీ మొదలుపెట్టేవాడు. హిందీలో ఎలాగూ కావడం లేదని చివరికి తెలుగులో చెప్పాడు. తెలుగులో ఏడవకుండా చెప్పగలిగాడు.

"టీవీలో వచ్చింది తప్పు. మా ఇంటిది బతికే ఉన్నాది. తప్పు ఆళ్ళది కాదు, నాది. ఐసు పెట్టె అడిగింది నేను."

తప్పు నాది అన్న ముక్క తీసెయ్యమని ఆమె చేత్తో సైగ చేసింది. తీయను అన్నాడు అన్నయ్య. ఆమె మళ్ళీ వేలు తిప్పింది. ఆయన మొండికేసి స్టూలు మీద నుంచి లేచిపోయాడు. అంత నీరసంలోనూ ఇద్దరూ కాసేపు దెబ్బలాడుకున్నారు, ఒకరికి మాట లేదు, ఇంకొకరికి వినబడదు. చివరికి ఆమె ఓడిపోయి, బొటనవేలు పైకెత్తింది.

మీద నాలుగు మాటలు తెలుగులో రాసి సంఘం గ్రూపులో పెట్టాను. సరే అనిపించింది. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? మా కాలనీ సంగతి నేను మర్చిపోయాను. ఇప్పటి పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు, అది కూడా సగం హిందీ. చదవడం రాదు. వీడియో తెరిచే ఓపిక పెద్దవాళ్ళకే లేదు. తెర మీద కనబడింది కళ్ళు వాచిన ఒక ముసలాయన, కింద మంచం కమ్మీ. మొదటి జవాబు నిమిషంలో వచ్చింది. చేతులు జోడించిన బొమ్మ, ఓం శాంతి. దాని కింద ఇంకొకటి. ధైర్యంగా ఉండండి అంకుల్, ఆంటీ ఎప్పటికీ మనతోనే ఉంటారు. ఓం శాంతి. ఓం శాంతి. చూసి చెప్పండర్రా అని నేను రాస్తే, నా మాట కింద కూడా ఒకరు ఓం శాంతి పెట్టారు.

వదిన ఎడమ చెయ్యి చాపింది, ఫోను ఇమ్మని. ఇవ్వకుండా ఎలా ఉంటాను? అందరూ సంతోషించారు వదినా అని చెప్పి జేబులో పెట్టుకుందామనుకున్నాను. ఆ ఒంటికన్ను చూపు ముందు నా వల్ల కాలేదు. ఇచ్చాను. బొటనవేలితో నెమ్మదిగా పైకి జరుపుతూ ఒక్కొక్కటీ చదివింది. చదివి ఫోను దుప్పటి మీద పెట్టేసింది. నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్విందని అన్నయ్య అంటాడు. నోరు వంకరగా ఉంది కదా, నాకు తెలియలేదు.

గురువారం పొద్దున్న, అన్నయ్య కాఫీ ఫ్లాస్కు కడుక్కుని వచ్చేసరికి పోయింది.

బెల్తరా అతనికి నేనే ఫోను చేశాను. "అంకుల్, అది వేసేశాం కదా" అన్నాడు. కసిగా కాదు, దీనంగా అన్నాడు. మళ్ళీ ఎలా వేస్తారో అతనికి నిజంగానే తెలియదు. నాకూ తెలియలేదు. శ్మశానానికి వచ్చాడు గాని కెమెరా తేలేదు. మొత్తం వచ్చింది గుప్పెడుమందిమి. మిగతావాళ్ళంతా సోమవారమే దండలు వేసేశారు.

దినకార్యాలయ్యాక తెలుగు సంఘం వాళ్ళు హాల్లో సంతాపసభ పెట్టారు. వేదిక మీద పెద్ద ఫ్లెక్సీ, ఆమె ఫొటో, కింద పోయిన తేదీ. సోమవారం తేదీ వేశారు. నేను సెక్రటరీని పక్కకి పిలిచి, ఇది తప్పండీ, గురువారం అని చెప్పాను. ఆయన నొచ్చుకున్నాడు. ముందే అచ్చుకి ఇచ్చేశామన్నాడు. చదవబోయే కాగితం కూడా చేతిలో ఉంది. "అయినా రెండు మూడ్రోజులకేటి తేడా బాబూ? మనిషే పోయింది" అన్నాడు.

ముందు వరసలో కూర్చున్న అన్నయ్య మా పెదవుల కదలిక చూసి ఏం సంగతని అడిగాడు. చెవి దగ్గర గట్టిగా చెప్పాను. ఆయన లేచి సెక్రటరీ దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు.

"ఆ మూడ్రోజులూ నాతో ఉన్నాది బాబూ" అన్నాడు.

సెక్రటరీ ఆయన చేతులు పట్టుకున్నాడు, తల ఊపాడు, కూర్చోబెట్టాడు. తర్వాత మైకు దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, కాగితంలో ఉన్నది ఉన్నట్టు సోమవారం అనే చదివాడు. ఏమీ వినబడని అన్నయ్య అంతసేపూ మైకు వైపే చూసి, సరిదిద్ది చెప్పేశారు కదా అన్నట్టు నావైపు తిరిగి తల ఊపాడు. నేనూ ఊపాను.